మనిషి లేని కంచం

తణుకు శివార్లలో, కాలవగట్టు మీద, లోకనాథ్ గారి మూతబడ్డ లాడ్జి. దిక్కులేని ఆడపిల్లల్ని ప్రభుత్వం అక్కడ ఉంచి, తలకింత అని నెలనెలా ఆయనకి కడుతుంది. పిల్లలకి దక్కేది చెమ్మ గోడలు, నీళ్ళ పప్పు. వండేది నేను, పాపాయమ్మని. కూలి రేట్ల కోసం జైలుకెళ్ళినదాన్ని. ఇక్కడ మాత్రం నోరు మూసుకున్నాను, ఉన్న పదిహేడు మంది కూడూ పోతుందని. అదే నా సిగ్గు.

రిజిస్టర్లో పేర్లు ఇరవై రెండు. సత్యశ్రీ శ్రావణంలో జ్వరమొచ్చి నా ఒళ్ళోనే పోయింది. మిగతా నలుగురూ చుట్టాలతో వెళ్ళారని ఆయన మాట. ఐదుగురి డబ్బూ ఇంకా వస్తూనే ఉంది.

ఆ మధ్యాహ్నం తనిఖీ. బయట ముసురు. ఏడేళ్ళ హేమశ్రీకి మూడు రోజులుగా ఒళ్ళు కాలుతోంది. ఆస్పత్రికి పంపమంటే తనిఖీ అయ్యాక చూద్దామన్నాడు లోకనాథ్, తల తగ్గకూడదట. పేర్లు కొట్టించిన ఇరవై రెండు స్టీలు కంచాలూ వరసగా వేసి, రిజిస్టరు ప్రకారం పిలిచి వడ్డించమన్నాడు.

"మనిషి లేని కంచంలో అన్నం పెట్టకూడదండి. అలా పెట్టేది పోయినవాళ్ళకే. పిలిచి పెడితే వస్తారు."

"ఫొటో కోసమే కదండీ, పాపాయమ్మగారూ. వాళ్ళు బడి నుంచి వస్తున్నారని చెబుతాను."

పిలిచాను. వడ్డించాను. ఆఫీసరుగారు ఫొటో తీసుకుని, కాఫీ తాగి వెళ్ళిపోయారు.

పిల్లలు తినేశారు. ఎవరూ లేవలేదు. బంతిలో అందరూ తిన్నాకే లేవాలని నేర్పింది నేనే. చేతులు ఎండిపోతున్నాయి... తడి పరుపు వాసన... ఎక్కడో నమిలే చప్పుడు.

"లేవండర్రా."

హేమశ్రీ గుసగుసగా అంది. "వాళ్ళింకా తింటున్నారు, అమ్మమ్మా."

చూశాను. సత్యశ్రీ కంచంలో అన్నం సగమే ఉంది. పక్కదాంట్లో పావు. మిగతా మూడూ నాకినట్టున్నాయి. ఆ నలుగురూ ఏ చుట్టాల దగ్గరికి వెళ్ళారో అప్పుడు తెలిసింది.

"రేపు ఆరో కంచం కూడా పెట్టాలట," అంది హేమశ్రీ.

పిల్లని భుజాన వేసుకున్నాను. దాని కంచం సంచిలో పెట్టుకుని, ఆటో ఎక్కి పెద్దాసుపత్రికి పోయాను. అడిగిన డాక్టరుకల్లా అంతా చెప్పాను, కలెక్టరుగారికి అర్జీ రాయించాను. తెల్లారేసరికి జ్వరం దిగింది.

దాన్ని నర్సుకి అప్పగించి, మిగతా పిల్లలకి వండాలని పదకొండింటికి తిరిగొచ్చాను. వాళ్ళింకా బడిలోనే ఉన్నారు. వసారాలో బంతి వేసి ఉంది. ఆరు కంచాలు... హేమశ్రీది నా సంచిలోనే ఉంది.

ఆరోదాని మీదికి వంగి పేరు చదివాను.

పాపాయమ్మ.

ఆరింట్లోనూ అన్నం పొగలు కక్కుతోంది. నేనింకా పొయ్యి వెలిగించలేదు.

ఒక్క మెతుకు కదలడం లేదు. అందరూ కూర్చునేదాకా ముట్టకూడదని కూడా... నేనే నేర్పాను.