ఖాళీగా వదిలిన గడి

సోమవారం మా మ్యూజియానికి సెలవు. చూడటానికి ఎవరూ రారు, అందుకే ఆ రోజు నాకు పని ఎక్కువ. ఊరి చరిత్ర సంఘం కాపాడుతున్న మూడు పాత ఇళ్ళలో పెద్దది ఇది. ఇక్కడి ప్రతి వస్తువు అడుగునా సన్న కుంచెతో నంబరు వేసి, ఆరాక వార్నిష్ పూసి, రిజిస్టర్లో ఎక్కించడం నా ఉద్యోగం. నంబరు పడిన వస్తువు ఇల్లు దాటకూడదు.

ఆ నియమం మొదట ఈ ఇంటి యజమానురాలిదట. చెంచాలకే కాదు, పనిమనుషుల చేతులకి కూడా నంబరు బిళ్ళలు కట్టించేదని మా కార్యదర్శి మాస్టారు చెప్పారు. ఎవరూ పని మానేసి పోకుండా. మెట్ల పక్క ఫోటోలో ఆవిడ కుర్చీలో కూర్చుని ఉంటుంది, ఒళ్ళో తాళాల గుత్తితో.

ఈ మధ్య నా సొంత వస్తువులకీ నంబర్లు పడటం మొదలైంది. ముందు నా టిఫిన్ డబ్బా. ఇంట్లో తోముతుంటే అడుగున నంబరు కనిపించింది, నా చేతిరాతలోనే. మర్నాడు నేను తేకుండానే ఆ డబ్బా మ్యూజియం వంటగది అరలో ఉంది. తరవాత నా గొడుగు. అదీ అంతే.

"పరధ్యానంగా మీరే వేసి ఉంటారమ్మా," అన్నారు మాస్టారు.

"గొడుగు కూడా పరధ్యానంగానే నడిచొచ్చిందా మాస్టారూ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయారు.

తరవాతి సోమవారం మధ్యాహ్నం వాన పట్టింది. గదుల్లో తడి చెక్క వాసన. దాని మీద వార్నిష్ వాసన. నేనింకా సీసా మూత తీయనే లేదు. మేడ మీద తాళాలు కదిలాయి. గల్... గల్... మెట్లు దిగుతున్నట్టు.

నా మణికట్టు మీద చల్లగా ఏదో పాకింది. కంటికి కనబడని కుంచె మొన. చూస్తుండగానే ఒక అంకె... రెండు... మూడు.

తలుపు దగ్గరికి పరుగెత్తాను. తలుపు తీసే ఉంది. ఎదురుగా వాన. గడప మీద కాలు ఆగిపోయింది. ఎంత లాగినా దాటదు. ఇంట్లో అమ్మ ఒక్కతే ఉంది. ఆవిడకి కళ్ళు సరిగా కనబడవు, నేను వెళ్ళి వండితేనే అన్నం.

చెవి దగ్గర గుసగుస. "నా ఇంటి వస్తువు... బయటికి పోదు."

అప్పుడు నాకు ఒళ్ళు మండింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. ఈవిడకి పుడకలతో కూడా పోలేదు.

"నేను వస్తువునా?" అన్నాను. "ఎవరు వస్తువో ఇప్పుడే రాసుకుందాం."

వెనక్కి వచ్చి రిజిస్టర్ తెరిచి గుండ్రంగా రాశాను. తరవాతి నంబరు. వస్తువు: ఇంటి యజమానురాలు, ఒకటి. స్థితి: శిథిలం. ఫోటో వెనక అదే నంబరు వేసి వార్నిష్ పూశాను. తాళాల చప్పుడు మధ్యలో తెగిపోయింది. మణికట్టు మీద అంకెలు పెచ్చులై రాలాయి. గడప దాటి, వానలో తడుస్తూ, నవ్వుకుంటూ ఇంటికి నడిచాను.

అమ్మకి అన్నం పెట్టి పడుకోబోతుంటే గుర్తొచ్చింది. రిజిస్టర్లో 'ఉన్నచోటు' గడి నింపలేదు. పదకొండేళ్ళలో ఎప్పుడూ చేయని తప్పు. ఆ గడి ఖాళీగా ఉన్న వస్తువు ఎక్కడైనా ఉండొచ్చు.

తెల్లవారగానే వెళ్ళి రిజిస్టర్ తీశాను. గడి నిండి ఉంది, నా చేతిరాతలో. మా ఇంటి అడ్రసు. ఫోటోలో కుర్చీ ఖాళీ.

అడ్రసు కొట్టేసి 'మేడ మీద గది' అని రాశాను. కాగితం చిరిగేంత గట్టిగా. వెంటనే అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, ఎవరైనా వచ్చారా?"

"ఎవరో పెద్దావిడే. మీ ఆఫీసు మనిషినంది. ఇప్పుడే లేచి వెళ్ళింది. పోతూ పోతూ నా చేతి మీద ఏదో రాసిందే... చల్లగా ఉంది."

"తుడిచెయ్ అమ్మా. ఇల్లు కదలకు."

ఫోన్లో వట్టి గాలి. మేడ మీద కుర్చీ జరిగింది. తరవాత దగ్గు వినిపించింది. ముప్పై ఏళ్ళుగా తలగడ పక్కన వింటున్న అమ్మ దగ్గు.

వార్నిష్ కరిగించే మందు సీసా ఒక చేత్తో, రిజిస్టర్ ఒక చేత్తో పట్టుకుని మెట్లెక్కాను. "మా అమ్మ ఎవరి వస్తువూ కాదు," అన్నాను గట్టిగా.

పైన దగ్గు ఆగింది, తాళాలు గల్లుమన్నాయి. తలుపు అవతల నుంచి అమ్మ గొంతు, మెల్లగా...

"ఏ నంబరే నీది?"