పొక్కిన పడవ

తుకారాం పడవకు ఆటలమ్మ పోసిందని పెర్కిట్ ఊరంతా చెప్పుకుంటోందట. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం పోయిన పక్కింటి భీమవ్వ ఆ మాట మోసుకొచ్చింది. "అడుగంతా పొక్కులేనట త్రివేణీ! ట్రాలీ మీద మీ షెడ్డుకే తెస్తున్నడట మీ అన్న."

త్రివేణి చాయ్ గిన్నె దించింది. అన్నకు తగిన శాస్తి జరిగిందనుకుంది.

మూడేళ్ల కింద ఆ ఫైబర్ పడవను కొడుకు తుకారాం కోసం తండ్రి చంద్రయ్యే పొర మీద పొర వేసి చేశాడు. "ఎండాకాలం ఒడ్డుకు గుంజి ఆరబెట్టు బిడ్డా" అని మరీ చెప్పాడు. పర్యాటకుల ట్రిప్పులు పోతాయని తుకారాం ఒక్కసారీ గుంజలేదు. నిరుడు మొదటి పొక్కు లేచినప్పుడు, పోచంపాడ్ జలాశయం ఒడ్డున పదిమందిలో, "మా బాపుకు చేతులు వణుకుతున్నయి, పని గట్లనే ఉంటది" అన్నాడు. తర్వాత చంద్రయ్యను పడవ చేయమని అడిగినవాడు లేడు. ఆయన మళ్లీ బ్రష్ ముట్టలేదు. నీళ్ల ట్యాంకులకు అతుకులు వేస్తూ కూతురే షెడ్డు నడుపుతోంది.

ట్రాలీ వాకిట్లో ఆగింది.

"చెల్లె, జర లప్పం పెట్టి రంగెయ్యి. ఐతారం పెండ్లోల్ల ట్రిప్పుంది."

"ఏస్తనన్న. అద్దం లెక్క చేస్త."

లోపలి తడి ఆరకుండా రంగేస్తే నెలకే పగులుతుంది. నీళ్ల నడుమ, అందరి ముందు వాడి పరువు పోతుంది. ఆమెకు కావలసిందదే. లప్పం డబ్బా మూత తీసింది.

గడప మీద కూర్చున్న చంద్రయ్య లేచి వచ్చాడు. ఒక పొక్కును మేకుతో పొడిచాడు. పుల్లటి కంపుతో నీళ్లు ఆయన వేళ్ల మీదుగా కారాయి.

"దీని మీద రంగేస్తవా త్రివేణీ?"

"నీ పేరు ఖరాబ్ చేసినోడు బాపు! ఇప్పుడు వాని పేరు పోనీ."

"అడుగు మెత్తవడ్డది. అండ్ల పిల్లలు కూసుంటరు."

త్రివేణి చేయి ఆగింది. మూత పెట్టేసి, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

తుకారాం వంగి పడవ అడుగు నొక్కి చూశాడు. "ఎన్ని దినాలైతది బాపు?"

"ఒక్కో పొక్కు గీకాలె, కడగాలె, ఎండవెట్టాలె. తట్టి చూస్తే ఎండిన పసుపు కొమ్ము ఇరిగినట్టు ఖంగుమనాలె. రెండు నెలలు."

"తప్పైంది బాపు, మాఫ్ చెయ్యి. నువ్వే చెయ్యి, నీ చేతికి సాటి ఎవడున్నడు?"

రోడ్డు మీద పోయేవాళ్లు ఆగారు. గోడవతల భీమవ్వ చీపురు ఆగింది. చంద్రయ్య గీకే రేకు తెచ్చి కొడుకు చేతిలో పెట్టాడు.

"నా చేతులు వణుకుతయి. నువ్వే గీకు."