ఏడ్చే మలుపు

దక్షిణాఫ్రికాలోని ఇసిపింగోలో ఆ మలుపు పేరెత్తితే చాలు, జనం మాట మార్చేసేవారు. చీకటి పడ్డాక అక్కడ భూమిలోంచి ఆడమనిషి ఏడుపు వినిపిస్తుందట. వాన పడితే మరీను. వరదలో కొట్టుకుపోయిన బాలింత అని కొందరు... కాదు, ఇంకెవరో అని కొందరు. ఎవరైతేనేం — పొద్దుగూకితే అటు అడుగేసే మనిషి లేడు. చుట్టూ తిరిగి రైలు పట్టాల పక్కనుంచి ఇళ్ళకు చేరేవారు.

తెల్లవాళ్ళ పాలన పోయి కొత్త ప్రభుత్వం వచ్చిన రోజులవి. మురుగు పైపులు చూసే ఒక కంపెనీలో పనికని కాకినాడ నుంచి జాహ్నవి అనే ఇంజనీరు వచ్చింది. ఆమె పని కంప్యూటరుకు పాఠం చెప్పడం. ఇన్నేళ్ళలో ఏ పైపులు పగిలాయో చూపిస్తే, ఇకమీద పగలబోయేవేవో అది నేర్చుకుని చెబుతుంది. ప్రమాదమున్న వీధి ఎరుపు, లేనిది పచ్చ.

అద్దెకు దిగింది కోగీ ఆంటీ ఇంట్లో. ఆంటీ భర్త యెల్లప్పకు తాతలనాటి తెలుగు ఇంకా నాలుగు ముక్కలు మిగిలింది.

"నో, మా... ఆ మలుపుకి పోవద్దు," అన్నాడు గొంతు తగ్గించి. "దెయ్యం ఉండాది. ఏడుస్తాది."

ఒకనాటి సాయంత్రం, వాన వెలిశాక, జాహ్నవి పంతం కొద్దీ అటే వచ్చింది. వీధి దీపం వెలగడం లేదు. మలుపు తిరిగింది. ఏమీ లేదు...

అప్పుడు — సరిగ్గా కాళ్ళ కింద — సన్నగా, సాగదీసి, ఎవరో ఏడ్చారు.

పరిగెత్తాలనిపించింది. అయినా మోకాళ్ళ మీద కూర్చుని తారుకు చెవి ఆనించింది. పగులులోంచి చల్లటి ఊపిరి చెంపకు తగిలింది... మురుగు వాసన.

పకపకా నవ్వేసింది. గాలి! ఉట్టి గాలి!

మర్నాడు కంప్యూటర్లో చూసింది. ఆ వీధి పచ్చ. చుట్టుపక్కలవీ పచ్చే.

"దెయ్యం లేదు అంకుల్, పైపులో గాలి. పైపు గట్టిగానే ఉంది, నాది పూచీ."

యెల్లప్ప సిగ్గుపడుతూ నవ్వాడు. ఆనాటి నుంచి గుడికెళ్ళి వచ్చేటప్పుడు అటే రావడం మొదలెట్టాడు.

ఒక వానరాత్రి ఆ రోడ్డు నోరు తెరిచింది. తెల్లారాక యెల్లప్పను పైకి తీశారు.

జాహ్నవి పై అధికారి గిల్బర్ట్ తల కూడా ఎత్తలేదు. "అటువైపు పైపులు పగిలినట్టు రికార్డే లేదు."

"ఎప్పుడూ పగల్లేదా?"

"ఎందుకు పగలవు? ఇండియన్ల వీధులు కదా. ఆ రోజుల్లో వాళ్ళు మొత్తుకుంటే ఎవరు రాసుకున్నారు?"

రాసుకోనివన్నీ పగలనివేనని కంప్యూటరు నేర్చుకుంది. నేర్పింది ఆమే.

ఆ పక్క వీధులన్నీ తవ్వి చూడమని కాళ్ళావేళ్ళా పడింది. "కంప్యూటరు పచ్చ చూపించిన చోట తవ్వడానికి ఎవరూ సంతకం పెట్టరు," అన్నాడు గిల్బర్ట్.

యెల్లప్ప కర్మ నాడు పక్కవీధి కెరిషా వచ్చింది. జాహ్నవిని గుమ్మం అవతలికి పిలిచి, చెవిలో అడిగింది. "అక్కా... మా వీధిలోనూ ఏడుపు వినిపిస్తోంది. ఉట్టి గాలే కదూ?"

పైపు అని చెబితే, కంపెనీ వాళ్ళొచ్చి బాగుచేస్తారని నమ్ముతారు. నమ్మి, దాని మీదే నడుస్తారు.

లోపల కోగీ ఆంటీ ఇటే చూస్తోంది.

"గాలి కాదు," అంది జాహ్నవి. "దెయ్యమే, కెరిషా. నా కళ్ళతో చూశాను... పిల్లల్ని అటు పోనివ్వకండి."