రాతి పిల్లల కోట

రత్నకూట రాజ్యాన్ని ఏలే ప్రతాపభానుడికి శత్రువులంటే వల్లమాలిన భయం. ఎవరూ ఎక్కలేనంత ఎత్తైన కోట కట్టుకోవాలని అతని కోరిక. కానీ ఆ దేశంలో ఎటు చూసినా ఇసుకే తప్ప రాయి లేదు. అప్పుడు కరాళాక్షుడనే రాక్షసుడు అతని కొలువుకు వచ్చాడు.

"రాయి నేనిస్తాను. పన్నెండేళ్లు నిండిన పిల్లలందరికీ ఏటా ఒకే పరీక్ష పెడతాను. అక్షరం తప్పకుండా జవాబు చెప్పినవాళ్లు ఇళ్లకు పోతారు. చెప్పలేనివాళ్లు నీ కోటకు రాళ్లవుతారు," అన్నాడు రాక్షసుడు.

రాజు సరేనన్నాడు. ఊరి నడుమ మండపం కట్టించి, అందులో ఒక కంచు తలను నిలబెట్టారు. కరాళాక్షుడు తన గుహలో కూర్చునే ఆ తల నోట ప్రశ్నలు అడిగేవాడు. ఏటా కోట గోడ కొంచెం కొంచెంగా పైకి లేచింది.

ఆ పరీక్షకు పిల్లల్ని తయారుచేయడానికి పాఠశాలలు పుట్టుకొచ్చాయి. వాటిలో భద్రశర్మ పాఠశాల పేరుమోసింది. అక్కడ చదివిన పిల్లల్లో ఒక్కరు కూడా రాయి కాలేదు. తెల్లవారింది మొదలు పిల్లలు వరసగా నిలబడి జవాబులు వల్లించేవారు. అర్థం అడిగితే చింతబరికె వీపున పడేది. ఎవరికైనా చదువు రాదని తోస్తే, భద్రశర్మ ఆ బిడ్డను పరీక్షకు ముందే తన పాఠశాలనుంచి పంపేసేవాడు. ఆ బిడ్డ మరో పాఠశాల తరఫున వెళ్లి రాయయ్యేవాడు. భద్రశర్మ పేరుకు మాత్రం మచ్చ పడేది కాదు.

ఆయనకు తల్లిలేని కవల కూతుళ్లు, కేతకి, మల్లిక. కేతకి ఒకసారి వింటే మరిచిపోదు. మల్లికకు నత్తి. జవాబు తెలిసినా మాట సమయానికి బయటికి రాదు.

పరీక్ష దగ్గరపడ్డాక భద్రశర్మ మల్లిక బట్టలు మూటగట్టాడు.

"ఏటి అవతలి పాఠశాలకు పో తల్లీ. అక్కడ నెమ్మదిగా చెబుతారు," అన్నాడు ఆమె కళ్లలోకి చూడకుండా.

"నాన్నా, అది పోతే నేనూ పోతాను," అంది కేతకి.

"నువ్వు కదిలావంటే దాని కాళ్లు విరగ్గొడతాను," అన్నాడు తండ్రి. ఆయన అన్నంత పనీ చేస్తాడని ఇద్దరికీ తెలుసు. మల్లిక మూట తీసుకుని వెళ్లిపోయింది.

పరీక్షనాడు కేతకి తడుముకోకుండా జవాబులన్నీ చెప్పి బయటపడింది. తరువాత మల్లిక వంతు వచ్చింది. "అన్నిటికంటే వేగమైనది ఏది?" అని కంచు తల అడిగింది. మల్లిక "మ... మ..." అంటుండగానే పాదాలనుంచి రాయి పాకి పెదవులను మూసేసింది. కూలీలు ఆమెను బండిమీదికి దొర్లించుకుపోయారు. జనంలో నిలబడిన భద్రశర్మ తల తిప్పుకున్నాడు.

ఆ ఏడు కూడా తన పాఠశాల పిల్లల్లో ఒక్కరూ రాయి కాలేదని, ఆ సాయంత్రమే రాజు ఆయనకు బంగారు కడియం తొడిగించాడు. కేతకి ఇంటికి వెళ్లలేదు. రాక్షసుడి గుహ ఉన్న ఉత్తరపు అడవి దారి పట్టింది.

అడవిలో ఒక వాగు ఒడ్డున ముసలి యోగిని ఎదురైంది. కేతకి దండం పెట్టి తన గోడు చెప్పుకుంది.

"నీకంటే ముందు చాలామంది వెళ్లారు పిల్లా. వాడు అడిగినవాటికి నేర్చుకున్న జవాబులు చెప్పి, ప్రాణాలు దక్కితే చాలని పారిపోయి వచ్చారు," అంది యోగిని.

"మరి వాడికి చావు లేదా అవ్వా?"

"పిల్లల్ని రాయి చేసే వాడి మంత్రానికి తనవాడు, పరాయివాడు అని లేదు. అడిగినదానికి జవాబు చెప్పలేనివాణ్ణి రాయి చేస్తుంది. వాణ్ణి మాత్రం ఇంతవరకు ఎవరూ ఏమీ అడగలేదు. జవాబు నోటిదాకా వచ్చినవాళ్లకు అడగాలని ఎందుకు తోస్తుంది? అందుకే నువ్వు నేర్చుకున్నదంతా ఈ వాగులో వదిలెయ్యాలి. అడగడం చేతకాకపోయావో, నువ్వూ రాయివే."

కేతకి చాలాసేపు ఒడ్డున నిలబడింది. ఆ జవాబులు ఆమెకు దెబ్బలతో వచ్చినవి. చివరికి కళ్లు మూసుకుని నీటిలో మునిగింది. లేచేసరికి ఆమెకు ఒక్కటీ గుర్తులేదు.

కొండ కనుమలో రెండు తలల భేరుండపక్షి దారికడ్డంగా కూర్చుని ఉంది. చుట్టూ ఎముకలు పడి ఉన్నాయి.

"మాలో పెద్ద ఎవరు?" అని రెండు ముక్కులూ ఒకేసారి అడిగాయి. ఆ పక్షి తలల్లో పెద్దది ఏదన్న ప్రశ్న పరీక్షలో కూడా ఉండేది. కానీ కేతకికి ఇప్పుడు జవాబు గుర్తులేదు.

"మీలో ముందుగా కళ్లు తెరిచింది ఎవరు?" అని ఎదురు అడిగింది.

"నేను," అంది కుడి తల.

"అబద్ధం. నేను చూసేసరికి నువ్వింకా కళ్లు మూసుకునే ఉన్నావు," అంది ఎడమ తల.

మాటా మాటా పెరిగింది. ఒకదాని గొంతు మరొకటి పొడుచుకున్నాయి. ఉన్నది ఒకే గుండె కావడంతో రెండూ కలిసే చచ్చాయి. తను అడిగిన ఒక్క మాట ఎంత పని చేసిందో కేతకి చూసింది. అయినా ఆగక, నెత్తుటి మడుగు దాటుకుని ముందుకు సాగింది.

గుహలో కరాళాక్షుడు చాపరాయిమీద పడుకుని పళ్లు కుట్టుకుంటున్నాడు.

"అన్నిటికంటే వేగమైనది ఏది?" అన్నాడు లేవకుండానే.

కేతకి జవాబు వాగులోనే పోయింది. ఆమె పాదాలు చల్లబడ్డాయి. రాయి మోకాళ్లదాకా వచ్చింది. రాక్షసుడు నవ్వుతూ లేచి కూర్చున్నాడు.

"ఇప్పుడు నేనడుగుతాను," అంది కేతకి. "ఇన్నేళ్లలో నువ్వు రాయి చేసిన పిల్లల్లో ఒక్కరి పేరు చెప్పు." ఆ మాటతో ఆమెను కమ్ముతున్న రాయి మోకాళ్ల దగ్గరే ఆగింది.

"పేర్లు నాకెందుకే? రాయికి పేరుంటుందా?" అంటూనే వాడు తన కాళ్లవైపు చూసుకున్నాడు. అవి బూడిదరంగుకు తిరుగుతున్నాయి. నోటికొచ్చిన పేరు చెప్పబోయాడు. కానీ వాడికి ఏ బిడ్డ పేరూ తెలియదు. "ఒక్కటి చెప్పు తల్లీ. నీ మేలు మరిచిపోను," అని బతిమాలాడు. రాయి వాడి నడుము దాటి, ఛాతీ దాటి, గడ్డం కిందికి వచ్చింది. కేతకి అలాగే చూస్తూ నిలబడింది. వాడి చెవులు కూడా రాయి అయ్యాక, "మల్లిక," అంది.

ఆమె కాళ్లకు మళ్లీ ప్రాణం వచ్చింది.

అదే క్షణాన రత్నకూటంలో కోట గోడ కదిలింది. ఒక్కో రాయీ బిడ్డై కేకలు వేస్తూ కిందికి దిగింది. ఆ గోడను ఆనుకుని కట్టిన అంతఃపురం కూలి ప్రతాపభానుడు దాని కింద పడి చచ్చాడు. అయితే పునాదుల కోసం పగలగొట్టిన రాళ్లు తిరిగి రాలేదు. గోడలో ఇమడ్చడానికి ఉలి దెబ్బలు తిన్న పిల్లల్లో కొందరికి వేళ్లు లేవు, కొందరికి చెవులు లేవు. మల్లిక ఎడమ చేయి మణికట్టు దగ్గర ఆగిపోయి ఉంది.

కేతకి తిరిగి వచ్చాక ప్రజలు ఆమెనే సింహాసనంమీద కూర్చోబెట్టారు. భద్రశర్మ కూతురి కాళ్లమీద పడ్డాడు.

"ఆ పిల్లలు రాళ్లవుతారని తెలిసే పంపావు కదా నాన్నా?" అని అడిగింది ఆమె.

"తెలుసమ్మా," అన్నాడాయన.

ఆమె అతణ్ణి చంపించలేదు. తన పాఠశాలనుంచి పంపేసిన పిల్లల్లో తిరిగిరానివాళ్ల ఇళ్లకు కాలినడకన వెళ్లి, ఆ తల్లులు అడిగినదానికల్లా నిజం చెప్పి రమ్మని తీర్పు ఇచ్చింది. మొదటి ఇంటి గుమ్మంలో ఒక ముసలామె నిలబడి ఉంది.

"పొమ్మన్నప్పుడు మావాడు ఏడ్చాడా అయ్యా?" అని అడిగింది.

"ఏడ్చాడు. నా కాలు పట్టుకున్నాడు. నేను విడిపించుకున్నాను," అన్నాడు భద్రశర్మ.

ఆమె తలుపు వేసుకుంది. ఆయన పక్కింటికి నడిచాడు. ఆ ఇళ్లన్నీ తిరిగేసరికి ఆయనకు ముసలితనం వచ్చింది. కేతకి, మల్లిక మాత్రం కలిసి ఆ దేశాన్ని చల్లగా ఏలారు. వాళ్ల ఏలుబడిలో ఎన్నడూ రత్నకూటానికి గోడ కట్టలేదు.