పిలిస్తే పలకని అత్త

"ప్రవళికా! చాయ వెట్టినవా లేదా!"

తెల్లారీ తెల్లారకముందే కొమురవ్వ గొంతు వాడంతా మోగింది. పొయ్యి దగ్గర, ఆమెకు చేయి చాపితే అందేంత దూరంలో నిలబడి ఉన్న ప్రవళికకు ఒళ్లు మండింది.

"పక్కనే ఉన్న గద అత్తమ్మా! గట్ల ఒర్రుడెందుకు?"

కొమురవ్వ జవాబివ్వలేదు. గ్లాసు అందుకుని అటు తిరిగి కూర్చుంది.

సిరిసిల్లలో వాళ్ల ఇంటి ముందుభాగమే సాంచెల షెడ్డు. ప్రవళిక భర్త సతీశ్ అక్కడ మరమగ్గాలు నడుపుతాడు. వాటి పక్కనే దారం కండెలు చుట్టే మిషన్ మీద కొమురవ్వ వయసంతా పనిచేసి, మోకాళ్ల నొప్పులతో ఈమధ్యే మానేసింది. కోరుట్ల నుంచి కోడలిగా వచ్చిన ప్రవళికకు మొదట్లో ఆ చప్పుడుకు తల పగిలిపోయేది. పోనుపోను చప్పుడు అలవాటైంది గానీ అత్త తీరు అలవాటు కాలేదు. మాట్లాడితే అరుపు. ఏదైనా అడిగితే వినిపించుకోకుండా పోవడం.

చివరికి ప్రవళిక కూడా తెగించింది. అత్త వెనకాల నిలబడి "నీ నోట్లె మన్నువడ" అని గొణిగేది. ఒకసారి ఆ మాట అంటుండగానే కొమురవ్వ ఇటు తిరిగింది. కోడలి ముఖం చూసి చిన్నగా నవ్వి, సరేనన్నట్టు తలూపింది. ఎంత పొగరు! తిట్టినా లెక్కలేదు, నేనొక మనిషినే కాదు ఈమెకు అని ప్రవళిక ఆ రోజంతా కుమిలిపోయింది. సతీశ్‌కు చెబితే, "అమ్మ తీరే గంత, వట్టించుకోకు" అన్నాడు.

ఆ ఉదయం కరెంటు పోయి సాంచెలు ఆగాయి. సతీశ్ బయటికి వెళ్లాడు. పాప లోపలి గదిలో నిద్రపోతోంది. చూస్తూ ఉండమని అత్తకు చేయి చూపించి, ప్రవళిక కిరాణా కొట్టుకు వెళ్లింది.

తిరిగి వస్తుంటే సందు మొదట్లోనే పాప ఏడుపు వినిపించింది. మామూలు ఏడుపు కాదు. చేతిలో సంచి అక్కడే పడేసి పరుగెత్తింది. లేచి తడబడుతూ నడిచొచ్చిన పాప వేళ్లు తలుపు సందులో ఇరుక్కున్నాయి. గొంతు బొంగురుపోయేలా ఏడుస్తోంది. ఆ తలుపు వైపు వీపు తిప్పి కూర్చుని, కొమురవ్వ తీరుబడిగా చిక్కుడుకాయలు తుంచుతోంది.

ప్రవళిక పాప చేయి విడిపించి, ఎత్తుకుని అత్త ముందుకొచ్చింది. వేళ్లు నల్లగా కమిలాయి.

"పోరి పానం వోయేటట్టు ఏడుస్తుంటే ఇననట్టు కూసున్నవా? నువ్వు మనిషివేనా?"

కొమురవ్వ పాప చేతిని చూసింది. ముఖం పాలిపోయింది. ఒక్క క్షణం తటపటాయించి, తల ఎగరేసింది.

"ఇన్న. పిల్లలన్నంక ఏడ్వరా? గంతల్నే ఏమైతదనుకున్న."

"ఇని సుత ఊకున్నవా?"

"ఆఁ, ఊకున్న! ఏం జేస్తవు?"

మధ్యాహ్నానికి ప్రవళిక పాపతో కోరుట్ల బస్సెక్కేసింది.

రెండో రోజు సతీశ్ తల్లిని వెంటబెట్టుకుని అత్తగారింటికి వచ్చాడు. ప్రవళిక తండ్రి సాయిలు కుర్చీ కూడా చూపించలేదు.

"నీ తల్లి ఉన్న ఇంటికి నా బిడ్డ రాదు. ఏరు వడ్తవా, లేకుంటే ఇట్నే పోతవా, తేల్చుకో."

"అమ్మను యాడ వెట్టుమంటవు మామా?"

"మాకేంది? సొంత మనుమరాలి ఏడుపు ఇని కూసున్న రాక్షసి!" వెనక నుంచి ప్రవళిక తల్లి అంజవ్వ అందుకుంది. "నీ అసుంటిదానికి పిల్లలెట్ల పుట్టిన్రే?"

సతీశ్ చివ్వున తల ఎత్తాడు. కొమురవ్వ మాత్రం వాకిట్లో చతికిలబడి గడప వైపే చూస్తూ, "పాప చెయ్యి నొప్పి తక్కువైందా?" అని గట్టిగా అడిగింది.

"సూడు, ఎంత నంగనాచో!" అంది అంజవ్వ.

అంతలో కొమురవ్వ వెనకవైపున్న గది నుంచి పాప బయటికొచ్చింది. వాకిట్లో కూర్చున్న నాయనమ్మ వీపు కనబడగానే ముఖం విప్పారింది. కట్టు కట్టిన చేయి చాపి, "బాపమ్మా!" అని కేక వేసింది.

అందరూ అటు తిరిగారు, కొమురవ్వ తప్ప.

"బాపమ్మా! బాపమ్మా!"

ఆమె కదలలేదు. ఎవరి కోసం ఇంతమంది తిట్లు తినడానికి వచ్చిందో ఆ పిల్ల వెనకాలే పిలుస్తుంటే, గడప వైపే ఆశగా చూస్తోంది. పాప పెదవి వణికి ఏడుపు అందుకుంది.

ఆ అరుపులు, ఆ మౌనం, తన తిట్టుకు ఆ నవ్వు, అన్నీ ప్రవళికకు ఒక్కసారిగా అర్థమయ్యాయి. వెళ్లి అత్త ఎదురుగా కూర్చుంది. ఒక్కొక్క మాటా పెదవులు కనిపించేలా అంది.

"అత్తమ్మా, నీకు ఇనవడ్తలేదు గదా?"

కొమురవ్వ కళ్లు బెదిరాయి. "ఇనవడ్తది. ఎవలన్నరు?"

"పాప నిన్ను పిలుస్తున్నది."

కొమురవ్వ గిరుక్కున తిరిగింది. ఏడుస్తున్న పిల్లను చూసి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"సాంచెల సప్పుడుకు షెడ్డుల అందరం మొకం జూసే మాట్లాడ్తం. గట్లనే ఎల్లదీసిన. చెవిటిదంటే నువ్వు పిల్లను నా చేతికిస్తవా బిడ్డా? మనిషివే గాదన్నా మంచిదే అనుకున్న."

అంజవ్వ తల దించుకుంది. ప్రవళిక పాపను తెచ్చి అత్త ఒడిలో, ముఖం కనిపించేలా కూర్చోబెట్టింది.

"నిన్ను తిట్టిన అత్తమ్మా. నీ ఎనుక నిలవడి మస్తు తిట్టిన," అంటూ ఏడ్చింది.

మర్నాడు కోరుట్ల నుంచే జగిత్యాలలో చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్లారు. ఏళ్ల తరబడి మగ్గాల చప్పుడులో పనిచేయడం వల్లే ఇలా అయిందని, పోయిన వినికిడి తిరిగి రాదని, చెవిలో మిషన్ పెట్టుకుంటే కొంత ఆసరాగా ఉంటుందని డాక్టర్ చెప్పాడు. తర్వాత సతీశ్ వైపు చూశాడు.

"మీరూ ఆ చప్పుడులోనే కదా? కూర్చోండి, చూద్దాం."

సతీశ్‌కు కూడా మొదలైంది. ఇప్పటి నుంచైనా చెవులకు అడ్డం పెట్టుకుని పనిచేయాలని డాక్టర్ గట్టిగా చెప్పాడు.

"ఏమంటుండు?" కొమురవ్వ కోడలి చేయి పట్టి లాగింది.

ప్రవళిక చెప్పింది. కొమురవ్వ కొడుకు తలను రెండు చేతులతో పట్టుకుంది.

"నాకు పోతున్నయని అప్పుడే చెప్తె, నీ చెవులన్న కాపాడుకుందువు గదరా! సిగ్గువడి దాసిన. నేనే నీకు చేటు జేసిన."

"ఊకో అమ్మా," అన్నాడు సతీశ్.

సాయంత్రం సిరిసిల్ల బస్సెక్కారు. కొమురవ్వ ముందు సీట్లో కూర్చుంది. కండక్టర్ వచ్చి ఏదో అడిగాడు. ఆమె అతని ముఖం చూసింది. తలూపలేదు, ముఖం తిప్పుకోలేదు.

"నాకు చెవులు ఇనవడయి కొడుకా," అంది బస్సంతా వినిపించేలా. "మా కోడలున్నది. ఆమెనడుగు."