నసేలై వాగు దగ్గర పడిపోయిన ముల్లు

రాత్రిపూట నసేలై వాగు దగ్గర బండి ఆపకూడదని మా సింగతోకా లోయలో అందరికీ తెలుసు. ఎప్పుడో తోమాసి అనే డ్రైవరు డీజిలైపోయి అక్కడ ఆగాడు. ఖాళీ డబ్బా పట్టుకుని వాగులో దిగాడు... మళ్ళీ పైకి రాలేదు. డబ్బా చప్పుడు మాత్రం ఇప్పటికీ వస్తుందంటారు.

నేను మెకానిక్‌ని, ఇలాంటివి నమ్మను. మా చెల్లెలి పేరు మెరెసీని. ఆమె మొగుడు ఆపిసాయి చెప్పింది చెప్తున్నాను.

బావ పాత లారీలో డీజిలు ఎంతుందో చూపే ముల్లు చచ్చి ఏళ్ళయింది. పుల్ల ముంచి చూసుకోవడమే. చెల్లెలికి నెలలు నిండాయి, ఆస్పత్రి ముప్పై మైళ్ళు. అందుకని ఆ సాయంత్రం ట్యాంకు పక్కన అడుక్కంటా ఉన్న సెన్సరు తనే విప్పి, తుప్పు గీకి, తేలే బుడ్డి కొత్తది వేసి బిగించాడు. వాషరు లేకపోతే సైకిలు ట్యూబు ముక్క పెట్టాడు. ట్యాంకు నింపగానే ముల్లు లేచింది.

"చూశావా! మీ అన్నయ్యకి డబ్బులు దండగ" అని గొప్పలు పోయాడు.

ఆ రాత్రే నొప్పులు మొదలయ్యాయి.

వాగు దాటుతుండగా — ముల్లు సున్నా మీద పడింది. ఇంజను దగ్గింది... ఆగింది.

"ఇక్కడా ఆపావు?" చెల్లెలు గుసగుసలాడింది.

దిగి పుల్ల ముంచాడు. పొడి! బావకి పై ప్రాణాలు పైనే పోయాయి. పక్కన నొప్పులు పడే మనిషి, చుట్టూ అడవి... అంతలో నీళ్ళలోంచి —

టంగ్... టంగ్...

దగ్గరికి. ఇంకా దగ్గరికి.

ఒక్క గెంతులో ఎక్కి, తాళం తిప్పి, గొంతు చించుకుని చర్చి కీర్తనలు అందుకున్నాడు. బండి కదిలింది! తొమ్మిది మైళ్ళు — ఆస్పత్రి గుమ్మం దాకా.

తెల్లారి నేను వెళ్ళాను. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమమన్నారు. అప్పుడు బండి కింద దూరి చూస్తే నవ్వాగలేదు. ట్యూబు ముక్క డీజిల్లో ఉబ్బి పక్కకి జారింది.

"ముల్లు బాగానే చేశావు బావా! ఉన్నది ఉన్నట్టు చెప్పింది. దారంతా డీజిలు కారబోసింది నువ్వే" అన్నాను, వార్డులోకి వచ్చి.

"మరి తొమ్మిది మైళ్ళు ఎలా వచ్చాం?"

"పైపులో కాస్త మిగిలుంటుంది. ఇంజను నడిచింది కదా!"

మెరెసీని నా చొక్కా పట్టి దగ్గరికి లాగింది. పిల్ల లేస్తుందని గొంతు తగ్గించింది.

"ఇంజను ఎక్కడ నడిచింది అన్నయ్యా? ఈయన పాటల గోలలో వినలేదు గానీ... ఆ ఎక్కుడు దారంతా, వెనక నుంచి ఎవరో ఆయాసపడుతూ తోశారు."