చాంపియన్ గారి చెల్లెలు

"ఆరో రౌండా?" అని అడిగింది పళ్ళ డాక్టర్.

రిపోర్టర్ నోట్లో అప్పటికే రెండు దూది ఉండలు, ఒక చిన్న అద్దం, ఉమ్మి పీల్చే గొట్టం ఉన్నాయి. "ఆఁ" అన్నాడు. ఆ స్థితిలో ఏ మనిషైనా అనగలిగింది అదొక్కటే.

"ఖాయమేనా?"

"ఆఁ."

కుర్చీ పక్కన బల్ల మీద ఆ రోజు పేపరు, స్పోర్ట్స్ పేజీ పైకి వచ్చేలా మడిచి ఉంది. అందులో అతని ఫోటో, ఫోటో కింద అతని జోస్యం. హెవీవెయిట్ టైటిల్ పోరులో ముప్పై తొమ్మిదేళ్ళ చాంపియన్‌ని బుల్డోజర్ అని పేరుపడ్డ కుర్రాడు ఆరో రౌండ్‌లో పడగొడతాడని రాశాడు. మూడో రౌండ్ దాటాక చాంపియన్ కుడిచెయ్యి గడ్డం దగ్గర్నుంచి మెల్లగా కిందికి జారుతుందని, ఆ సందులోంచే దెబ్బ పడుతుందని కూడా రాశాడు. చాలా బాగా రాశానని అతని నమ్మకం. ఇన్నాళ్ళకి ఒక పాఠకురాలు ఎదురైనందుకు, పన్ను సలుపుతున్నా లోలోపల మురిసిపోయాడు. పైగా ఆవిడ కళ్ళు చాలా బాగున్నాయి. మాస్కు పైన కనిపించేవి అవే.

"ఆయన మా అన్నయ్య," అంది డాక్టర్, డ్రిల్ చేతిలోకి తీసుకుంటూ.

ఈసారి రిపోర్టర్ "ఆఁ" అనలేదు.

"భయపడకండి. నొప్పి తెలియదు, ఇంజక్షన్ ఇచ్చాను." ఒక్క క్షణం ఆగింది. "ఇచ్చాననే అనుకుంటున్నాను."

ఇచ్చింది. ఎంతో శ్రద్ధగా, ఎంతో మర్యాదగా పని ముగించింది. ఆ మర్యాదకే అతనికి చెమటలు పట్టాయి.

"మీకు జ్ఞానదంతం సగమే వచ్చింది," అంది చివర్లో గ్లవ్స్ విప్పుతూ. "మిగతా సగం లోపలే ఉండిపోయింది. కొందరికి అంతే."

రిపోర్టర్ లేచి కూర్చున్నాడు. సగం మూతి ఇంకా మొద్దుబారే ఉంది. "నేను అబద్ధం లాయలేదండీ," అన్నాడు.

"అబద్ధమని నేనన్నానా? మా అన్నయ్యని ఎక్కడ కొడితే పడతాడో ఊరందరికీ బొమ్మ గీసి చూపించారు. ఆ కుర్రాడు చదవడా?"

"అతను పేపల్ చదవడండీ."

"వాళ్ళ కోచ్ చదువుతాడు."

ఆ సంగతి రిపోర్టర్‌కి తట్టలేదు. తట్టనందుకు సిగ్గేసింది. సిగ్గుపడ్డ మొహం కూడా సగమే కదలడంతో ఆవిడకి అది వెటకారంలా కనిపించింది.

"మా అన్నయ్యని ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా?"

"వీడియోల్లో..."

"వీడియో చూసి పన్ను పీకమంటే నేను పీకుతానా? రేపు సాయంత్రం జిమ్‌కి రండి. చూసి రాయండి."

అలా అతను కోరి కోరి సింహం గుహకి బయల్దేరాడు. వెళ్ళేముందు ఆఫీసులో వాకబు చేస్తే మిగతా సంగతులు తెలిశాయి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. అన్న కొట్టి, కొట్టించుకుని చెల్లెల్ని డాక్టర్ని చేశాడు. ఆవిడ క్లినిక్ తెరిచిన మొదటి రోజు చేసిన మొదటి పని, రింగులో పళ్ళు ఊడకుండా పెట్టుకోవడానికి అన్నకి మౌత్‌గార్డ్. ఆ వీధిలో వాళ్ళని చూసి అందరూ ఒకటే మాట అంటారు: అన్న ఊడగొడతాడు, చెల్లెలు కడుతుంది, ఇల్లు గడిచిపోతుంది.

జిమ్ ఒకప్పుడు టైర్ల గోడౌన్. ఎత్తైన రేకుల కప్పు, గోడల పొడవునా వేలాడే సంచులు, చెమటా నొప్పుల మందూ కలిసిన వాసన. మధ్యలో రింగు. రింగు మూల స్టూలు మీద చాంపియన్ తాడు ముడి విప్పుకుంటూ కూర్చున్నాడు. కూర్చున్నా నిలబడ్డ రిపోర్టర్ అంత ఎత్తున్నాడు.

"పేపరబ్బాయి వచ్చాడా?" అన్నాడు.

"నేను పేపరు వేసేవాణ్ణి కాదు సార్, రాసేవాణ్ణి."

"ఏదో ఒకటి. పొద్దున్నే నా మూడ్ పాడుచేసేది నువ్వేగా. కూర్చో. టీ తాగుతావా?"

తిడతాడనుకున్నాడు, తిట్టలేదు. కొడతాడేమోననీ అనుకున్నాడు, ఆ జాడా లేదు. టీ వచ్చింది. రిపోర్టర్‌కి ధైర్యమూ కొంచెం వచ్చింది.

"సార్, కుడిచెయ్యి సంగతి... నేను రాయకుండా ఉండాల్సింది. వాళ్ళకి తెలిసిపోయింది."

చాంపియన్ చెల్లెలున్న వైపు చూశాడు. ఆవిడ దూరంగా కోచ్‌తో ఏదో వాదిస్తోంది. గొంతు తగ్గించాడు.

"వాళ్ళకి ఏడాదిగా తెలుసు బాబూ. మా కోచ్‌కి తెలుసు, నాకు తెలుసు. తెలియంది మా చెల్లికే. దాని కోపం నువ్వు రాసినందుకు కాదు. నాకు వయసొచ్చిందని నీ పేపర్లో చదవాల్సి వచ్చినందుకు."

"మరి మానేయొచ్చు కదా సార్?"

"ఈ బెల్టు నేను ఒక ముసలాయన దగ్గర్నుంచి లాక్కున్నాను. ఆయన రింగులోకి వచ్చి, నిలబడి, నా చేత కొట్టించుకుని మరీ ఇచ్చాడు. నేనేమో ఈ కుర్రాడికి పార్సిల్లో పంపితే ఏం మర్యాద?"

రిపోర్టర్ మిగిలిన టీ తాగాడు.

మర్నాడూ వెళ్ళాడు. ఆ మర్నాడూ వెళ్ళాడు. వెళ్ళేది చాంపియన్ కుడిచెయ్యి చూడ్డానికని ఎడిటర్‌తో చెప్పాడు. చూసింది మాత్రం డాక్టర్ ఎడమచెయ్యి. ఉంగరం లేదు. ఈ వార్త ఏ పేజీలోనూ వేయడానికి వీల్లేకపోయినా, వారం మొత్తంలో అతను సేకరించిన ముఖ్యమైన వార్త అదే.

"రోజూ వస్తున్నారేంటి?" అంది ఆవిడ.

"చూసి రాయమన్నారు కదా."

"చూడ్డం అవ్వలేదా?"

"చాలా ఉందండీ చూడాల్సింది."

ఆవిడ అతని చూపు ఎటుందో గమనించి, చాంపియన్ ఉన్న వైపు వేలు చూపించింది. "అటు."

అటు చూశాడు. బుద్ధిగా చూసేకొద్దీ అతనికి తెలిసింది వేరు. కాళ్ళలో పదును పోయిన మాట నిజమే. కానీ దెబ్బ ఎక్కణ్ణుంచి వస్తుందో ఆ మనిషికి ముందే తెలుసు. సాధన కోసం తెచ్చిన కుర్రాళ్ళు ఆయన్ని కొట్టేవాళ్ళే గాని, దొరకబుచ్చుకునేవాళ్ళు కాదు. ఆరో రౌండ్ అని తను రాసింది ఎంత తేలిక మాటో అతనికి అప్పుడు అర్థమైంది. అలాగని గెలుస్తాడని అనిపించిందా అంటే, అదీ అనిపించలేదు.

మ్యాచ్ రేపనగా సాయంత్రం వాన పట్టుకుంది. మామూలు వాన కాదు, అప్పిచ్చినవాడు వచ్చి తలుపు బాదినట్టు రేకుల మీద పడుతోంది. జిమ్ బయట చూరు కింద ఇద్దరూ నిలబడ్డారు. డాక్టర్ స్కూటర్ ఎదురుగా తడుస్తోంది.

"రేపటి పేపర్లో ఏం రాస్తున్నారు?"

"ఇంకా రాయలేదండీ."

"పేపర్ సంగతి పక్కన పెట్టండి. నాకు చెప్పండి. ఎవరు గెలుస్తారు?"

రిపోర్టర్ వాన వైపు చూశాడు. వాన ఏ సహాయమూ చేయలేదు. చాంపియనే గెలుస్తాడని ఒక్క మాట అంటే ఆవిడ నవ్వుతుంది. వారం రోజులుగా అతను ఎదురుచూస్తున్నది ఆ నవ్వు కోసమే. కానీ రేపు ఆ మాట అబద్ధమైతే, ఆవిడ ఒక్కసారి కాదు, రెండుసార్లు పడిపోతుంది.

"కుర్రాడు," అన్నాడు. "పాయింట్ల మీద."

ఆవిడ హెల్మెట్ చేతిలోకి తీసుకుంది.

"కానీ మీ అన్నయ్యని పడుకోబెట్టి తీసుకురారు. ఆఖరి గంట మోగేదాకా ఉంటారు. మెట్లు దిగి ఇంటికి నడిచొస్తారు. ఇది రాసేవాడిగా చెప్పట్లేదు. వారం నుంచి చూస్తున్నవాడిగా చెబుతున్నాను."

డాక్టర్ హెల్మెట్ పెట్టుకుంది. వానలోకి నడిచి, స్కూటర్ స్టార్ట్ చేసి వెళ్ళిపోయింది. వీధి మలుపు తిరిగేదాకా అతను చూస్తూనే ఉన్నాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అంటారు, పోనీలే అనుకుని తనూ వానలోకి దిగాడు. పది అడుగులు వేశాడో లేదో స్కూటర్ వెనక్కి వచ్చి పక్కన ఆగింది.

"ఎక్కండి."

"పర్లేదండీ, నేను..."

"తడిసి జ్వరమొస్తే రేపు మ్యాచ్ ఎవరు రాస్తారు? ఎక్కండి."

ఎక్కాడు. ఆఫీసు దగ్గర దిగుతుంటే ఆవిడ ముందుకే చూస్తూ అంది: "అందరూ గెలుస్తారనే చెప్పారు నాకు. కోచ్, పక్కింటివాళ్ళు, నా పేషెంట్లు. ఒక్కళ్ళ కళ్ళల్లోనూ ఆ నమ్మకం లేదు. థాంక్స్."

ఆ రాత్రి రాసింది చదివి ఎడిటర్ కళ్ళజోడు తీశాడు.

"ఆరో రౌండ్ నాకౌట్ అన్నావు. ఇప్పుడు పాయింట్లంటున్నావు. పైగా ఓడిపోయేవాడి గురించి మూడు పేరాలు. ఇది జోస్యమా, ప్రేమలేఖా?"

"జోస్యమే సార్."

"ఎవరికి రాశావో వాళ్ళకి చేరుతుందిలే," అని ఎడిటర్ సంతకం పెట్టాడు.

మ్యాచ్‌కి హాలు కిటకిటలాడింది. చాంపియన్ తల్లి రాలేదు. ఆవిడ ఏనాడూ కొడుకు దెబ్బలు తినడం చూడలేదు. చెల్లెలు కూడా ఎప్పుడూ వచ్చేది కాదు. ఈసారి వచ్చింది. ప్రెస్ బల్ల వెనక వరసలో, సరిగ్గా రిపోర్టర్ వెనక కూర్చుంది.

"నడిచొస్తాడన్నారుగా," అంది. "చూద్దామని వచ్చా."

మొదటి రౌండ్లలో కుర్రాడు ఈల వేసుకుంటూ పనిలోకి దిగినవాడిలా కొట్టాడు. నాలుగో రౌండ్‌లో చాంపియన్ కుడిచెయ్యి కిందికి జారింది. కుర్రాడు కాచుక్కూర్చున్నది దానికే. ఎడమచేత్తో విసిరాడు. కానీ చాంపియన్ తల అక్కడ లేదు. ఆయన ఎడమచెయ్యి మాత్రం కుర్రాడి పక్కటెముకల కింద ఉంది. బుల్డోజర్ మోకాలి మీద కూలబడ్డాడు. హాలంతా లేచి నిలబడింది.

"అది కావాలనే దించాడు!" అంది డాక్టర్.

"కావాలనే!" అన్నాడు రిపోర్టర్. ఆరో రౌండ్ గురించి రాసిన తన చేతిని ఒకసారి చూసుకున్నాడు.

కుర్రాడు లేచాడు. వయసు లేపుతుంది కదా. అక్కడి నుంచి ప్రతి రౌండూ కొండ ఎక్కినట్టే సాగింది. తొమ్మిదో రౌండ్‌లో చాంపియన్ చెయ్యి మళ్ళీ జారింది. ఈసారి కావాలని కాదు. దెబ్బ తగిలింది. అంత మనిషీ నేల మీద పడ్డాడు.

రిఫరీ లెక్కపెడుతున్నాడు. రిపోర్టర్ చొక్కా కాలర్ని వెనకనుంచి ఎవరో పట్టుకుని మెలిపెట్టారు. అతనికి ఊపిరాడలేదు. ఆడకపోవడం కాలర్ వల్లో, రింగు మీద దృశ్యం వల్లో తెలియలేదు. పెన్ను ఎప్పుడో కింద పడిపోయింది. లేవాలి, నడిచొస్తారని నేను మాటిచ్చాను, అనుకున్నాడు. జోస్యం మాటగా మారడం అతనికి అదే మొదలు.

ఎనిమిది దగ్గర చాంపియన్ లేచాడు. లేచి, రిఫరీకి తన గ్లవ్స్ చూపించి, ఇంకా ఆడగలనన్నట్టు తల ఊపాడు. ఆఖరి గంట మోగేసరికి ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు. పడకుండా ఉండటానికి ఎవరు ఎవర్ని పట్టుకున్నారో చెప్పడం కష్టం.

జడ్జీలు కుర్రాడి చెయ్యి ఎత్తించారు. చాంపియన్ బెల్టు తీసుకుని తనే ఆ కుర్రాడి నడుముకి కట్టాడు. చెవిలో ఏదో చెప్పాడు. ఆ బుల్డోజర్ చంటిపిల్లాడిలా ఏడ్చాడు. తర్వాత చాంపియన్ భుజం ఇవ్వబోయిన కోచ్‌ని పక్కకి తప్పుకోమని, రింగు మెట్లు ఒక్కొక్కటిగా తనే దిగాడు.

డాక్టర్ రిపోర్టర్ భుజం మీద నుదురు ఆనించి ఏడ్చింది. కాసేపటికి తల ఎత్తి, "మీ కాలర్ చిరిగింది," అంది.

"పర్లేదు."

"మీరు చెప్పినట్టే అయింది. సంతోషమేనా?"

"లేదు," అన్నాడు. అతని కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. ఆఫీసులో అందరూ జోస్యుడని వెక్కిరించే తను, మొట్టమొదటిసారి చెప్పిన మాట నెగ్గించుకున్నాడు. తప్పయితే ఎంత బాగుండునో అనిపించింది.

రెండు రోజుల తర్వాత పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాడు. ఇంటర్వ్యూ కోసం అని చెప్పాడు. పెన్ను మర్చిపోయాడు. తల్లి తలుపు తీసి, తేరిపార చూసింది.

"మావాడు పడిపోతాడని రాసింది నువ్వేనా?"

"అవునండీ."

"పడ్డాడా?"

"పడి లేచారండీ."

"అదే రాయి ఈసారి. లోపలికి రా. టిఫిన్ చేశావా?"

చాంపియన్ వదులు చొక్కాలో సోఫా నిండా కూర్చుని ఉన్నాడు. కుడి కన్ను పూర్తిగా మూసుకుపోయింది, పెదవి వాచింది. కండరాలు పట్టేస్తాయి, కాసేపు నడవమని చెల్లెలు లేవదీసింది. ముగ్గురూ వీధిలోకి వచ్చారు. ఆయన ఎడమ పక్కన గోడ వారగా మెల్లగా అడుగులేస్తున్నాడు. కుడి పక్కన ఒక అడుగు వెనగ్గా వీళ్ళిద్దరూ. దుకాణాల వాళ్ళు షట్టర్లు ఎత్తుతూ ఎత్తుతూ ఆపి, నమస్కారం పెడుతున్నారు. ఓడిపోయిన మనిషికి అంతమంది నమస్కరించడం రిపోర్టర్ ఎప్పుడూ చూడలేదు.

"మీకొకటి చెప్పాలండీ," అన్నాడు డాక్టర్‌తో, గొంతు తగ్గించి.

"తెలుసు. వారం నుంచి చూస్తున్నాను. నువ్వు చెప్పేసరికి మా అన్నయ్య మళ్ళీ రింగులోకి దిగేలా ఉన్నాడు."

ఆ 'నువ్వు' విని అతను చెప్పాలనుకున్నదంతా మర్చిపోయాడు. చెప్పే బదులు చెయ్యి చాపాడు. ఆవిడ పట్టుకుంది.

"మీ అన్నయ్య చూస్తారేమో."

"ఇటు కన్ను మూసుకుపోయిందిగా."

"ఎడమది బానే ఉందమ్మా," అన్నాడు చాంపియన్ ముందు నుంచి. ఎదురుగా బట్టల కొట్టు అద్దంలో ముగ్గురూ నిలువెత్తున కనిపిస్తున్నారు.

ఇద్దరూ చేతులు వదిలేయబోయారు.

"ఆగండాగండి. మా ఆటలో ఇద్దరు అలా పట్టుకుంటే రిఫరీ వచ్చి విడదీస్తాడు."

"ఇక్కడ రిఫరీ ఎవరన్నయ్యా?" అంది చెల్లెలు, చెయ్యి వదలకుండా.

చాంపియన్ వాచిన పెదవితో నవ్వడం కష్టమైనా నవ్వాడు.

"ఎవరో మరి. నేను మొన్నటితో రిటైరయ్యాను, నాకు రూల్స్ గుర్తులేవు," అని ముందుకి నడిచాడు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "పేపరబ్బాయ్, పట్టుకుంటే గట్టిగా పట్టుకో. వదులు వదులుగా పట్టుకుంటే నాకు చిరాకు."

"అలాగే బావగారూ," అన్నాడు రిపోర్టర్.

అనేశాక నాలిక్కరుచుకున్నాడు. చాంపియన్ మాత్రం ఆగలేదు. ఎదురొచ్చిన పాలవాడు దెబ్బలు ఎలా ఉన్నాయని అడిగితే, "తగ్గాయి, తగ్గాయి," అంటూ సాగిపోయాడు.